కాల్చిన టమాటా, సాసేజ్ సాస్: తగాదా అంతా నీటి దగ్గరే

కాల్చిన టమాటాలతో, సాసేజ్‌తో చేసే సాస్ గురించి నలుగురు చెప్పిన పద్ధతులు పక్కపక్కన పెట్టుకుని చదివితే తల తిరుగుతుంది. ఒకరు ఓవెన్‌ను 220 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టి ముప్పావు గంటలో పని ముగించమంటారు. ఇంకొకరు 130 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఓపిక పట్టమంటారు. గింజలు తీసేయాలని ఒకరు, తీస్తే రుచే పోతుందని మరొకరు. సాసేజ్‌ను టమాటాలతో పాటే ట్రేలో వేసేయమని కొందరు, విడిగా వేయించకపోతే ఆ శ్రమంతా వృథా అని కొందరు. ఇక పులుపు తగ్గడానికి చక్కెర, వంటసోడా, క్యారెట్ అంటూ ఒక్కొక్కరిది ఒక్కో మందు.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో రకం సాస్‌ను మనసులో పెట్టుకుని చెబుతున్నారు, అది ఏ రకమో మాత్రం చెప్పరు. చిక్కు అక్కడే వస్తోంది. ఈ సలహాలను విడదీసి చూస్తే దాదాపు ప్రతి తగాదా నీటి దగ్గరికే చేరుతుంది: ఎంత నీరు పోవాలి, ఎప్పుడు పోవాలి, టమాటాలోంచి ముందు పోవాలా, మాంసంలోంచి ముందు పోవాలా. ఆ లెక్క పట్టుబడితే ఏ సలహా తమకు పనికొస్తుందో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

## ఈ సాస్ ఎలాంటిది, ఎక్కడిది

ఇక్కడ మాట్లాడుతున్నది పాస్తాలో కలుపుకునే చిక్కటి సాస్ గురించి. టమాటాలను సగానికి కోసి, నూనె రాసి, అంచులు ఎర్రబడేదాకా ఓవెన్‌లో కాలుస్తారు. పచ్చి సాసేజ్‌ను పై పొర ఒలిచి, చిన్న ముద్దలుగా విరిచి వేయిస్తారు. తర్వాత రెండూ ఉల్లిపాయ, వెల్లుల్లితో కలిసి సన్నని మంట మీద మగ్గుతాయి.

టమాటాను ముందుగా కాల్చడం ఈమధ్య పుట్టిన పద్ధతి కాదు. స్పానిష్ పాలనలో ఉన్న నేపుల్స్‌లో ఒక పెద్దింటి విందుల నిర్వాహకుడిగా పనిచేసిన ఆంటోనియో లాతీని 1690లలో అచ్చువేయించిన వంటల గ్రంథంలో ‘స్పానిష్ పద్ధతి టమాటా సాస్’ ఒకటి ఉంది. ఇటలీలో అచ్చయిన తొలి టమాటా సాస్‌గా దాన్నే చెబుతారు. అందులో మొదటి పనే పండిన టమాటాలను నిప్పుల్లో కాల్చి, మాడిన తొక్కను జాగ్రత్తగా తీసేయడం. ఆ తర్వాత సన్నగా తరిగి ఉల్లిపాయ, మిరప, సుగంధపు ఆకు, ఉప్పు, నూనె, వెనిగర్ కలపడం. అందులో సాసేజ్ లేదు, పాస్తా ఊసూ లేదు. కానీ కాల్చిన టమాటా అనే ఆలోచన అంత పాతది.

## రెండు కిలోల టమాటాల్లో పదార్థం ఎంత

పండిన టమాటాలో దాదాపు 94 నుంచి 95 శాతం నీరే. రెండు కిలోలు తీసుకుంటే అందులో సుమారు 1,890 గ్రాములు నీరు. చక్కెరలు, ఆమ్లాలు, పీచు, లవణాలు అన్నీ కలిపితే మిగిలేది 110 గ్రాములు. సాస్ చేయడమంటే ఆ 110 గ్రాముల చుట్టూ ఉన్న నీటిని తగ్గించడం.

రెండు కిలోలు ఒక కిలో అయ్యేదాకా తగ్గించామనుకుందాం. ఒక కిలో నీరు ఆవిరైపోయింది, 110 గ్రాముల పదార్థం అలాగే ఉంది. అంటే ఐదున్నర శాతంగా ఉన్న గాఢత 11 శాతానికి చేరింది. చెంచాకు అంటుకునే సాస్ దాదాపు ఈ దశలో తయారవుతుంది.

ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి, అంటే సుమారు 0.63 కిలోవాట్ గంటలు. గిన్నె అయినా ఓవెన్ అయినా ఈ లెక్క మారదు. మారేది ఆవిరి బయటపడే వైశాల్యం. 24 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గిన్నెలో పైభాగం 450 చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ట్రేలో అది 1,200. అంటే రెండున్నర రెట్లకు పైనే. పైగా గిన్నెలో వేడి అడుగు నుంచి మాత్రమే అందుతుంది కాబట్టి చిక్కబడే కొద్దీ అడుగంటుతుంది, పక్కన నిలబడి కలుపుతూ ఉండాలి. ఓవెన్‌లో వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది.

ఇదే లెక్క ఒక హెచ్చరిక కూడా. లోతైన పాత్రలో టమాటాలను ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆవిరి వాటి మధ్యే చిక్కుకుంటుంది. అవి కాలవు, తమ రసంలో తామే ఉడుకుతాయి. ‘గంటసేపు కాల్చినా రంగు రాలేదు’ అనే ఫిర్యాదుకు ఎక్కువసార్లు కారణం ఉష్ణోగ్రత కాదు, ఇరుకు. అంచు తక్కువగా ఉన్న ట్రేలో ఒకే వరసగా, కోసిన వైపు పైకి ఉంచితే నీరు సులువుగా పోతుంది. కోసిన వైపు కిందికి పెట్టేవాళ్ల లక్ష్యం వేరు: అప్పుడు తొక్క మీద నేరుగా వేడి తగిలి అది ముడుచుకుని ఊడొస్తుంది, రంగు మాత్రం తక్కువగా వస్తుంది. ఎలా పెట్టినా ట్రేలో కారిన రసాన్ని పారబోయకూడదు. పైన చెప్పిన 110 గ్రాముల్లో కొంత భాగం ఆ రసంలోనే ఉంటుంది.

ట్రే ఏ లోహంతో చేసిందో కూడా చూసుకోవాలి. పైపూత లేని అల్యూమినియం, ఇనుము టమాటా ఆమ్లంతో చర్య జరిపి లోహపు రుచిని దించుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు, ఎనామిల్ పూత, గాజు పాత్రలతో ఆ బాధ లేదు.

## రంగు ఎప్పుడు మొదలవుతుంది

తడిగా ఉన్నంతసేపు టమాటా పైభాగం 100 డిగ్రీలు దాటదు. ఓవెన్ 220లో ఉన్నా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. అంచులు ఆరిన తర్వాతే అక్కడి ఉష్ణోగ్రత పైకి లేస్తుంది. అప్పుడు రెండు రకాల మార్పులు మొదలవుతాయి.

ఒకటి మయార్ చర్య. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన ఈ చర్యలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగును, కాల్చిన వాసనను, వందలాది కొత్త రుచి అణువులను పుట్టిస్తాయి. రెండోది కారమెలైజేషన్, అంటే చక్కెరలు ఒంటరిగానే వేడికి విచ్ఛిన్నం కావడం. టమాటాలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ ఉన్నాయి. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే మారడం మొదలుపెడుతుంది, గ్లూకోజ్‌కు 150 దాటాలి.

ఇక్కడొక అడ్డంకి ఉంది. మయార్ చర్య ఆమ్ల వాతావరణంలో నెమ్మదిస్తుంది, టమాటా పుల్లటిది. అందుకే మాంసమో రొట్టో ఎర్రబడినంత తేలికగా టమాటా ఎర్రబడదు. దానికి ఎక్కువ వేడి గానీ ఎక్కువ సమయం గానీ కావాలి.

220 డిగ్రీల పక్షానికీ 130 డిగ్రీల పక్షానికీ తేడా ఇప్పుడు అర్థమవుతుంది. ఎక్కువ వేడిలో అంచులు త్వరగా ఆరి ముదురుతాయి, మధ్య భాగం ఇంకా రసంతో ఉంటుంది. ఒకే ముక్కలో కాల్చిన రుచి, పండు రుచి రెండూ దొరుకుతాయి. తక్కువ వేడిలో ముక్క మొత్తం సమంగా ఆరుతూ తియ్యగా, సాగేలా, జామ్‌కు దగ్గరగా తయారవుతుంది. అక్కడ కాల్చిన వాసన తక్కువ, గాఢత ఎక్కువ. సాసేజ్‌తో కలపబోయే సాస్‌కు నా ఓటు ఎక్కువ వేడికే. సాసేజ్ కొవ్వు బరువుగా ఉంటుంది, దాని పక్కన పండు రుచి ఇంకా బతికి ఉంటేనే సాస్ విసుగనిపించదు. జామ్‌లా మారిన టమాటాకు రొట్టె మీద ఉన్న అందం ఈ సాస్‌లో ఉండదు.

ఎర్రబడటానికీ మాడటానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. అంచున నల్ల మచ్చలు కొన్ని ఉంటే పొగ వాసన వస్తుంది, ముక్క పొడవునా నల్లబడితే చేదు దిగుతుంది. ఆ చేదును తర్వాత ఏ చక్కెరా దాచలేదు. వెల్లుల్లి ఇంకా ముందే మాడుతుంది. దాన్ని తొక్కతోనే ఉంచి కాల్చడం, లేదా టమాటాల కింద దాచడం అందుకే.

## పులుపు నిజంగా తగ్గుతుందా

‘కాలిస్తే పులుపు పోతుంది’ అనే మాట ఎంత ప్రచారంలో ఉందో అంత అసంపూర్ణం. టమాటా పులుపుకు ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం, దాని తర్వాత మాలిక్ ఆమ్లం. ఇవి నీటితో పాటు ఆవిరైపోయేవి కావు.

మన రెండు కిలోల ఉదాహరణకే వద్దాం. నూరు గ్రాముల టమాటాలో సుమారు 2.6 గ్రాముల చక్కెరలు, 0.45 గ్రాముల ఆమ్లాలు ఉన్నాయనుకుంటే మొత్తం మీద 52 గ్రాముల చక్కెర, 9 గ్రాముల ఆమ్లం. ఒక కిలోకు తగ్గాక కూడా ఇవి దాదాపు అంతే. తీపి రెట్టింపు గాఢమైంది, పులుపూ రెట్టింపు గాఢమైంది. రెండింటి నిష్పత్తి కదల్లేదు.

అయినా కాల్చిన టమాటా నోటికి తియ్యగానే తగులుతుంది. దానికి కారణాలు వేరే ఉన్నాయి. పచ్చి టమాటాకు ఉండే ఆకు వాసన వేడికి ఎగిరిపోతుంది, ఆ స్థానంలో పంచదార పాకాన్ని గుర్తుచేసే వాసనలు పుడతాయి. వాసన తియ్యగా ఉంటే నాలుక కూడా తీపి ఎక్కువగా ఉందనే భావిస్తుంది. ఉప్పు, కొవ్వు, నిండు రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థం తోడైతే పులుపు అంచు మరింత మొద్దుబారుతుంది.

ఇక మందుల సంగతి. చక్కెర ఆమ్లాన్ని తగ్గించదు, దానికి ఎదురుగా నిలుస్తుంది. క్యారెట్, ఎక్కువసేపు వేయించిన ఉల్లిపాయ చేసేదీ అదే పని, కాకపోతే తమ సొంత రుచిని కూడా తెస్తాయి. వంటసోడా ఒక్కటే నిజంగా ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. ఎంత? పావు చెంచా, అంటే సుమారు 1.2 గ్రాముల సోడా, పై సాస్‌లోని 9 గ్రాముల ఆమ్లంలో దాదాపు పదోవంతును మాత్రమే తటస్థం చేయగలదు. ఆ పదోవంతు తేడా నాలుకకు తెలుస్తుంది. కానీ అదే ధీమాతో మూడు నాలుగు రెట్లు వేస్తే టమాటా చప్పబడి సబ్బు రుచి తగులుతుంది. పులుపు పోయిన టమాటా సాస్‌కు ప్రాణం ఉండదు. సాసేజ్ కొవ్వును కోసి నాలుకను తేలికపరిచేది ఆ పులుపే కాబట్టి, అన్నీ కలిపి రుచి చూడకముందే దాన్ని చంపడానికి తొందరపడటం నాకు నచ్చని పని.

## గింజలు, తొక్క: దేనికోసం తీస్తాం

గింజల చుట్టూ ఉండే జిగురులో నీరు ఎక్కువ. అది తీసేస్తే సాస్ త్వరగా చిక్కబడుతుందనేది ఒక పక్షం వాదన, నీటి లెక్కలో అది నిజమే. కానీ 2007లో రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, బ్రిటిష్ షెఫ్ హెస్టన్ బ్లూమెంతల్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, టమాటా కండలో కంటే ఆ జిగురులోనే గ్లుటమేట్ చాలా ఎక్కువని తేలింది. మాంసం లాంటి నిండు రుచినిచ్చేది గ్లుటమేటే. గిన్నెలో గబగబా చేసే సాస్‌కు జిగురు తీసేయడంలో అర్థం ఉండవచ్చు. ఓవెన్‌లో నీరు ఎలాగూ పోతున్నప్పుడు దాన్ని పారేయడం అంటే రుచిని పారేయడమే.

తొక్క ఇష్టాన్ని బట్టి. కాలిన తర్వాత చేత్తో లాగితే వచ్చేస్తుంది. మెత్తగా రుబ్బేవాళ్లు తీయకపోయినా పరవాలేదు.

## సాసేజ్ అంటే మసాలా కలిపిన ఖైమా కాదు

సాసేజ్ దొరకనప్పుడు ఖైమాలో సోంపు, మిరప, ఉప్పు వేసి సరిపెట్టుకోవచ్చని చాలా చోట్ల రాస్తారు. రుచి దగ్గరగా వస్తుంది, నమలడంలో మాత్రం తేడా దొరికిపోతుంది. కారణం ఉప్పు వేసే సమయం.

సాసేజ్ తయారీలో పచ్చి మాంసానికి ఒకటిన్నర నుంచి రెండు శాతం ఉప్పు పట్టించి బాగా కలుపుతారు. ఆ ఉప్పు కండరాల్లోని మయోసిన్ అనే ప్రొటీన్‌ను కరిగించి జిగటగా మారుస్తుంది. వేడి తగిలినప్పుడు ఆ జిగట గడ్డకట్టి వలలా అల్లుకుని నీటినీ కొవ్వునూ లోపలే పట్టి ఉంచుతుంది. అందుకే సాసేజ్ ముద్దలు సాస్‌లో మగ్గినా స్పాంజిలా, రసంగా ఉంటాయి. వేయించేటప్పుడు ఉప్పు చల్లిన ఖైమాకు ఈ వల ఉండదు, అది నీరు వదిలి గింజలు గింజలుగా విడిపోతుంది. ఖైమాతోనే చేయాల్సి వస్తే ఉప్పు, మసాలా ముందుగా కలిపి జిగటగా అయ్యేదాకా పిసికి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే ఆ వల కొంతవరకైనా ఏర్పడుతుంది.

సాసేజ్‌లు స్థూలంగా మూడు రకాలు. పచ్చివి ఈ సాస్‌కు సహజంగా సరిపోతాయి, వాటి కొవ్వూ రసమూ సాస్‌లోకి దిగుతాయి. ముందే ఉడికించి పొగబెట్టినవి పొగ రుచినిస్తాయి గానీ గిన్నె అడుగున పెద్దగా ఏమీ వదలవు. ఆరబెట్టినవి చాలా ఉప్పగా ఉంటాయి, ఎందుకంటే నీరు పోయినకొద్దీ ఉప్పు శాతం పెరుగుతుంది. వాటిని రుచి కోసం కొద్దిగా వాడటం వేరు, ప్రధాన మాంసంగా వాడటం వేరు.

పచ్చి సాసేజ్ ఉడికిందా లేదా అన్నది రంగును బట్టి చెప్పలేం. నిల్వకోసం నైట్రైట్ అనే లవణం కలిపిన మాంసం పూర్తిగా ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. పంది, గొడ్డు మాంసం సాసేజ్ లోపలి భాగం 71 డిగ్రీలకు, కోడి సాసేజ్ 74 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. మరుగుతున్న సాస్‌లో చిన్న ముద్దలు ఆ స్థాయిని సులువుగానే దాటతాయి. పొర ఒలవకుండా పెద్దవిగా ట్రేలో పెట్టినప్పుడే థర్మామీటర్ అవసరం.

## టమాటా, మాంసం కలిస్తే రుచి ఎందుకు పెరుగుతుంది

1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు కాచిన నీటి నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొడామా ఎండబెట్టిన చేపలో ఇనోసినేట్ అనే మరో పదార్థాన్ని గుర్తించారు. ఈ రెండు రకాల పదార్థాలు కలిసినప్పుడు వాటి రుచి మామూలు కూడికలా పెరగదు, అనేక రెట్లు పెరుగుతుంది. ఆ సంగతి తర్వాత అర్ధ శతాబ్దానికి గానీ అకిరా కునినకా పరిశోధనల్లో స్పష్టం కాలేదు.

టమాటాలో గ్లుటమేట్ ఉంది, పండే కొద్దీ పెరుగుతుంది. మాంసంలో ఇనోసినేట్ ఉంది. ఈ సాస్‌లో సాసేజ్ కొద్దిగా వేసినా సాస్ మొత్తం మాంసం రుచితో నిండిపోయినట్టు అనిపించడానికి కారణం ఈ జోడీ. వంట రసాయనంలో నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచే విషయాల్లో ఇది ఒకటి. ఈ రహస్యం తెలియని తరాలు కూడా నాలుక చెప్పిన మాట విని ఈ రెండింటినీ ఒకే గిన్నెలోకి చేర్చాయి.

## ఒకే ట్రేలోనా, విడిగానా

మళ్లీ నీటి దగ్గరికే వచ్చాం. సాసేజ్ ఎర్రబడాలంటే దాని పైభాగం ఆరి 140 డిగ్రీల చుట్టుపక్కలకు చేరాలి. టమాటాల పక్కన ఉన్న సాసేజ్ చుట్టూ గంటసేపు ఆవిరి ఉంటుంది. పైకి తేలిన భాగం రంగు పట్టినా, రసంలో మునిగిన భాగం ఉడికిన మాంసంలా పాలిపోతుంది.

విడిగా వెడల్పాటి గిన్నెలో వేయిస్తే అన్ని వైపులా రంగు వస్తుంది, అడుగున ఎర్రటి పొర అంటుకుంటుంది. ఉల్లిపాయలు వేసినప్పుడు, తర్వాత టమాటా రసం పోసినప్పుడు ఆ పొర కరిగి సాస్‌లో కలుస్తుంది. రుచిలో పెద్ద వాటా దానిదే. ఇక్కడా ఇరుకు పనికిరాదు. అర కిలో సాసేజ్‌ను చిన్న గిన్నెలో ఒక్కసారే వేస్తే అది నీరు వదిలి అందులోనే ఉడుకుతుంది.

ఒకే ట్రే పద్ధతికీ తన బలం ఉంది. సాసేజ్ నుంచి కారిన కొవ్వు టమాటాల మీదుగా పారుతుంది, టమాటా ఆ కొవ్వులోనే కాలుతుంది. గిన్నెలు తక్కువ, కాపలా తక్కువ. టమాటాలను ముందు అరగంట కాల్చి, నీరు చాలావరకు పోయాక సాసేజ్‌ను వాటి మీద ఎత్తుగా పెడితే రెండు పద్ధతుల మధ్య దూరం బాగా తగ్గిపోతుంది.

కలిపాక ఎంతసేపు మగ్గాలన్నది మరో వివాదం. ఇరవై ముప్పై నిమిషాలైతే సాసేజ్ తన రుచిని తనలోనే ఉంచుకుంటుంది, ముద్ద కొరికినప్పుడు తెలుస్తుంది. రెండు గంటలైతే ఆ రుచి సాస్‌లోకి దిగి, ముద్ద చప్పబడుతుంది. నములుతుంటే సాసేజ్ తెలియాలా, సాస్ అంతా మాంసంలా ఉండాలా అన్నదే ఇక్కడి ఎంపిక. టమాటా ఇప్పటికే కాలి చిక్కబడి ఉంది కాబట్టి ఈ సాస్‌కు దీర్ఘంగా మరిగించాల్సిన అవసరం మాత్రం లేదు.

## ఉప్పు, కొవ్వు: ఎక్కువమంది తడబడే లెక్క

టమాటాలను ట్రేలో పెట్టినప్పుడు బరువులో ఒక శాతం ఉప్పు వేశామనుకుందాం. రెండు కిలోలకు 20 గ్రాములు. అప్పటికి సరిగ్గానే తోస్తుంది. అర కిలో సాసేజ్‌లో 1.8 శాతం లెక్కన ఇంకో 9 గ్రాములు ఉంది. చివరికి ఒక కిలో టమాటా గుజ్జు, 400 గ్రాముల వేగిన సాసేజ్ కలిసి 1,400 గ్రాముల సాస్ తయారైంది. అందులో 29 గ్రాముల ఉప్పు, అంటే రెండు శాతం దాటింది. నోట్లో పెట్టుకోలేం.

సాస్‌లో ఒక శాతం చాలనుకుంటే మొత్తం కావలసింది 14 గ్రాములు. 9 సాసేజ్‌తోనే వచ్చాయి, మనం వేయాల్సింది ఐదే. పాస్తా ఉడికిన ఉప్పునీరు, పైన చల్లే చీజ్ తోడవుతాయనుకుంటే ఇంకా తక్కువ. ట్రేలో చిటికెడు చల్లి, మిగతాది చివరన రుచి చూసి వేయడమే ఈ లెక్క చెప్పే మాట.

కొవ్వు సంగతీ ఇంతే. 28 శాతం కొవ్వున్న అర కిలో సాసేజ్‌లో 140 గ్రాముల కొవ్వు ఉంటుంది, అందులో మూడోవంతు కరిగి బయటికొచ్చినా దాదాపు 45 గ్రాములు. టమాటాలకు రాసిన మూడు పెద్ద చెంచాల నూనె మరో 40 గ్రాములు. సాస్ మీద నారింజ రంగు నూనె తేలడానికి కారణం ఇదే. టమాటా ఎరుపునిచ్చే లైకోపీన్ కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి ఆ నూనెకు ఆ రంగు వస్తుంది. టమాటా పీచు, పెక్టిన్, పాస్తా నీటిలోని పిండిపదార్థం కొంత కొవ్వును సాస్‌లో నిలిపి ఉంచగలవు, అంతకు మించింది తేలుతుంది. ముందు సాసేజ్ వేయించి, ఆ కొవ్వులో కొంత టమాటాలకు రాసి, నూనెను తగ్గించుకోవడం ఒక దారి.

## ఏ టమాటా

సాన్ మర్జానో లాంటి కోల రకాల్లో కండ ఎక్కువ, రసం తక్కువ, అందుకే సాస్‌కు వాటి పేరు ముందు చెబుతారు. బాగా పండిన, సువాసన ఉన్న గుండ్రటి టమాటాలను ఓవెన్‌లో పెడితే వాటి గొప్ప గుణమైన ఆ సువాసనే పోతుంది. మధ్యరకం టమాటాలకు ఓవెన్ చేసే మేలు ఎక్కువ. కాల్చడం వాటి గాఢతను పెంచి, లేని వాసనకు బదులు కొత్త వాసనను ఇస్తుంది.

డబ్బా టమాటాలు వాడితే తప్పేమీ లేదు. రసం వడకట్టి పండ్లను కాల్చి, రసాన్ని తర్వాత కలుపుకుంటే సరి. ముక్కలుగా కోసి డబ్బాలో పెట్టే వాటికి తరచూ కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది ముక్కను గట్టిగా ఉంచుతుంది, ఎంతసేపు మగ్గించినా కరగనివ్వదు. మెత్తటి సాస్ కావాలంటే నిండు పండ్ల డబ్బా మేలు.

## ఆరోగ్యం గురించి రెండు వైపుల మాటలు

టమాటా వైపు నుంచి కథ బాగుంది. 2002లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టమాటాను వేడిచేస్తే సి విటమిన్ తగ్గినా, శరీరం గ్రహించగల లైకోపీన్ పెరుగుతుందని చూపారు. కొవ్వుతో కలిస్తే అది ఇంకా బాగా ఒంటబడుతుంది.

సాసేజ్ వైపు అంత సులువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, సాసేజ్‌లు అందులో భాగం. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు సాపేక్షంగా 18 శాతం పెరుగుతుందని అదే సంస్థ అంచనా. అర కిలో సాసేజ్ సాస్‌ను ఆరుగురు పంచుకుంటే తలా 83 గ్రాములు. వారానికొకసారైతే అది రోజుకు సగటున 12 గ్రాములకు సమానం. ఇంతవరకు తింటే క్షేమమనే హద్దును ఆ సంస్థ గీయలేదు.

## నిల్వ: మాంసం చేరాక మారే నియమం

టమాటా పుల్లటిది కాబట్టి సాస్ చెడదనే నమ్మకం ప్రమాదకరం. తిండిలో ప్రాణాంతక విషాన్ని పుట్టించే బొటులినం బ్యాక్టీరియా పెరగకుండా ఆపే ఆమ్లపు హద్దు పీహెచ్ 4.6, ఈ అంకె పెరిగే కొద్దీ ఆమ్లం తగ్గినట్టు. టమాటాలు ఆ హద్దుకు చుట్టుపక్కలే ఉంటాయి, కొన్ని దాన్ని దాటుతాయి కూడా. మాంసం, ఉల్లిపాయ, వెల్లుల్లి కలిస్తే సాస్ పీహెచ్ ఇంకా పెరుగుతుంది. పైన చెప్పిన వంటసోడా కూడా అటే నెడుతుంది.

ఈ బ్యాక్టీరియా బీజాలు మరిగే నీటి వేడికి చావవు, వాటికి 121 డిగ్రీల స్థాయి కావాలి. అందుకే మాంసం ఉన్న సాస్‌ను సీసాల్లో నింపి మరిగే నీటిలో ఉంచి మూత బిగిస్తే సరిపోదు. దానికి ఆవిరి ఒత్తిడితో ఆ వేడిని అందుకునే ప్రత్యేకమైన ప్రెషర్ క్యానర్, దానికోసం పరీక్షించిన కొలతలు తప్పనిసరి. ఇంట్లో తేలికైన దారి చలి. వండిన రెండు గంటల్లోపే వెడల్పాటి పాత్రల్లో పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెడితే, 4 డిగ్రీల లోపు మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంతకు మించి కావాలంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. కరిగించాక కొవ్వు విడిపోయినట్టు కనిపించినా, వేడిచేస్తూ కలిపితే మళ్లీ కలుస్తుంది. ఆ వేడి 74 డిగ్రీలకు చేరాలి.

సాస్ పైన నూనె పొర పోసి గాలి తగలకుండా చేస్తే నిల్వ ఉంటుందని కొందరు చెబుతారు. బూజు విషయంలో అది కొంత నిజం. బొటులినంకు మాత్రం గాలి లేని చోటే కావాలి. అది పుట్టించే విషానికి రంగు, వాసన, రుచి ఏవీ ఉండవు కాబట్టి, గది వేడిలో ఉండిపోయిన సీసాను మూత తీసి వాసన చూసి బాగుందని తేల్చడం కుదరదు.